కొండ కరిగి కట్టయిన చోటు

గోదావరి తీరగాథలు – 9వ భాగం

గత భాగంలో కోరంగి రేవు దగ్గర ఆగాం. 1789లోనూ, మళ్లీ 1839లోనూ సముద్రం ఊళ్ల మీదికి వచ్చి ఆ రేవును ఎలా తుడిచిపెట్టిందో చెప్పుకున్నాం. అది డెల్టా పాదాల దగ్గరి కథ. ఇప్పుడు నదికి ఎదురు నడిచి డెల్టా తల దగ్గరికి వెళ్దాం. అక్కడ ఒక కొండ ఉంది. ఈ భాగమంతా ఆ కొండ కథే.

కోస్తాలో కొండెక్కి చూడదగ్గ చోట్లకు కొదవ లేదు. విశాఖలో కైలాసగిరి ఎక్కితే ఒకపక్క బంగాళాఖాతం, ఇంకోపక్క తీరం వెంట పరుచుకున్న నగరం. అన్నవరం రత్నగిరి మీద నిలబడితే కింద పంపానది. కోరుకొండ నరసింహస్వామి గుడి మెట్లెక్కితే చుట్టూ కనుచూపుమేర పొలాలు. ఒక్కో కొండకు ఒక్కో అందం. కానీ ఒక నేల తలరాత ఎలా మారిందో ఒక్కచోట నిలబడి చూడాలంటే మాత్రం ధవళేశ్వరం జనార్దనస్వామి కొండే ఎక్కాలి. ఆ మాట ఎందుకంటున్నానో పైకెళ్లాక మీకే తెలుస్తుంది.

కొండ మీది నుంచి

ధవళేశ్వరం రాజమహేంద్రవరానికి దక్షిణాన, నగరాన్ని ఆనుకునే ఉంటుంది. గోదావరి వెంబడి ఉన్న నవ జనార్దన క్షేత్రాల్లో మొదటిది ఇక్కడి స్వామిదే. ఇక్కడ మొదలైన ఆ వరస జొన్నాడ, ఆలమూరు, కపిలేశ్వరపురం వంటి ఊళ్ల మీదుగా కోటిపల్లి దాకా సాగుతుంది. భక్తులు దర్శనం చేసుకుని, ప్రసాదం తీసుకుని, గాలికి కాసేపు కూర్చుని దిగిపోతారు. చరిత్ర కోసం వచ్చినవాళ్లు మాత్రం నది వైపు తిరిగి నిలబడాలి.

ఉత్తరాన రాజమహేంద్రవరం. అక్కడ నది మీద మూడు తరాల వంతెనలు: 1900లో రైలు నడిచిన హేవలాక్ వంతెన, 1974 నాటి రోడ్డు కమ్ రైలు వంతెన, 1997లో వచ్చిన విల్లు వంపుల వంతెన. అక్కడి నుంచి చూపు దక్షిణానికి జారే కొద్దీ గోదావరి వెడల్పవుతూ వస్తుంది. సరిగ్గా మీ ఎదురుగా వచ్చేసరికి నదికి అడ్డంగా ఒక సన్నని గీత. అదే బ్యారేజీ.

తొందరపడకుండా చూడండి. అది ఒకే గీత కాదు. ఇవతలి గట్టు నుంచి మొదలై ఒక లంక దగ్గర ఆగుతుంది. లంక దాటి మళ్లీ మొదలవుతుంది. మళ్లీ ఆగుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలు. వాటి నడుమ పిచ్చుకలంక, బొబ్బర్లంక, మద్దూరులంక. ఇప్పుడున్న 175 తలుపుల్లో 70 ధవళేశ్వరం పాయ మీద, 43 ర్యాలి మీద, 23 మద్దూరు మీద, 39 విజ్జేశ్వరం మీద ఉన్నాయి. కట్టకు ఎగువన నీళ్లు నిండుగా, నిలకడగా కనిపిస్తాయి. వేసవిలో అయితే దిగువన ఇసుక తిన్నెలు, వాటి మధ్య సన్నని పాయలు.

కట్ట దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. కిందికి పోయాక వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి యానాం వైపు, వశిష్ఠ అంతర్వేది వైపు పోతాయి. గౌతమికీ వశిష్ఠకూ నడుమ కోనసీమ. సముద్రం ఇక్కడికి కనిపించదు. కానీ సముద్రం దాకా పరుచుకున్న ఆ పచ్చదనం ఇక్కడే మొదలైంది. ఆ పచ్చదనానికి పునాది రాయి ఇచ్చింది ఈ కొండలే.

నిండు నది పక్కన ఎండిన పొలం

ఈ పచ్చని నేలను చూసినవాళ్లకు రెండు వందల ఏళ్ల కిందటి కథ నమ్మబుద్ధి కాదు. వర్షాకాలంలో గోదావరి గట్లు తెంచుకుని ఊళ్లను ముంచేది. వరద తీసేసరికి నీళ్లన్నీ సముద్రం పాలు. ఆ తర్వాత వాన మొహం చాటేస్తే, ఎదురుగా నది పారుతున్నా పొలానికి చుక్క ఎక్కేది కాదు. నది కింద, నేల పైన. నీళ్లు ఎత్తిపోసే దారి లేదు, నిలబెట్టే కట్ట లేదు.

1832–33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో డొక్కల కరువని ఇప్పటికీ చెప్పుకునేది దాన్నే. దాని దెబ్బ గోదావరి తీరం మీదా పడింది. ఆ గాయం మానకముందే 1839 ఉప్పెన. ఈస్టిండియా కంపెనీ లెక్కల ప్రకారం రాజమండ్రి జిల్లా జనాభా 1821లో సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు పడిపోయింది. నలుగురిలో దాదాపు ఒకరు లేరు. కొందరు చనిపోయారు, కొందరు ఊరొదిలి పోయారు. ఆ రోజుల్లో ఇదే కొండెక్కి చూసినవాడికి కింద కనిపించింది ఇలా ఖాళీ అయిపోతున్న పల్లెలు.

కంపెనీకి జనం మీద జాలి కంటే శిస్తు మీద బెంగ ఎక్కువ. రాబడి ఏటికేడు పడిపోతుంటే కారణం తేల్చమని సర్ హెన్రీ మాంట్‌గోమరీని పంపింది. జిల్లా బాగుపడాలంటే గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించడం తప్ప వేరే దారి లేదని, ఆ పని తెలిసిన ఇంజినీరును పంపమని ఆయన సిఫారసు చేశాడు. అలా వచ్చినవాడు ఆర్థర్ థామస్ కాటన్. మన కాటన్ దొర.

కావేరి నేర్పిన పాఠం

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పద్దెనిమిదేళ్ల వయసులో, 1821లో మద్రాసుకు వచ్చాడు. ధవళేశ్వరం వచ్చే నాటికి ఆయన కొత్తవాడు కాదు. 1830ల్లో తంజావూరు సీమలో కొల్లిడం నది మీద ఆనకట్టలు కట్టి పేరు తెచ్చుకున్నాడు. అంతకంటే ముఖ్యం, అక్కడ ఆయన కల్లణైని దగ్గరగా చూశాడు.

కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆ పాత ఆనకట్ట కావేరి ఇసుక మీద శతాబ్దాల తరబడి నిలిచి ఉంది. కింద బండ లేదు. ఇసుకలోకి రాళ్లు దించుతూ, అవి కుంగిన చోట మళ్లీ రాళ్లు వేస్తూ, నది మట్టానికి కొంచెం పైకి తెచ్చి నిలబెట్టారు. లోతు తెలియని ఇసుక మీద పునాది ఎలా వేయాలో తాము నేర్చుకున్నది ఈ దేశపు పాత పనివాళ్ల దగ్గరేనని కాటన్ దాచుకోకుండా చెప్పాడు. ఈ సంగతి గట్టిగా చెప్పుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్టలో ఇంగ్లండు చదువు ఎంత ఉందో, తమిళ రైతుల, కూలీల అనుభవం అంత ఉంది. గోదావరి డెల్టా కావేరి డెల్టాకు రుణపడింది.

1844లో, మరుసటి ఏడు 1845లో కాటన్ ఇచ్చిన నివేదికలతో లండనులోని కంపెనీ డైరెక్టర్లు 1846 చివరలో ఒప్పుకున్నారు. 1847లో పని మొదలైంది. 1852లో ముగిసింది.

ఇక్కడే ఎందుకు?

కొండ మీద నిలబడి చూసిన ఎవరికైనా వచ్చే ప్రశ్న ఇదే. కొంచెం ఎగువన, పాపికొండల్లో గోదావరి సన్నగా, రెండు కొండల మధ్య ఇరుక్కుని పారుతుంది. అక్కడ కట్టకుండా, లంకలతో కలిపి దాదాపు నాలుగు మైళ్ల వెడల్పున్న ఈ చోటే ఎందుకు ఎంచుకున్నట్టు?

సన్నని చోట నది లోతు ఎక్కువ, వేగం ఎక్కువ. వరద వస్తే నీరంతా ఒక్కచోట విరుచుకుపడుతుంది. ఆనాటి పరికరాలతో అక్కడ పునాది వేయడం సాధ్యం కాదు. వెడల్పైన చోట అదే వరద పలచగా పరుచుకుంటుంది. కట్ట మీదుగా పొర్లే నీటి మందం తగ్గుతుంది, దెబ్బా తగ్గుతుంది. పైగా లంకలున్నాయి కాబట్టి నదినంతా ఒకేసారి ఆపనక్కర్లేదు. ఒక్కో పాయను విడివిడిగా పట్టుకోవచ్చు. నాలుగు పాయల మీద కట్టిన రాతికట్టు మొత్తం కలిపితే రెండుంబావు మైళ్లు. ఎత్తు పన్నెండడుగులు.

ఇంకో కారణం నేల వాలు. డెల్టాలో నేల ఇక్కడి నుంచి సముద్రం దాకా మెల్లగా వాలుతూ పోతుంది. తల దగ్గర నీటిని పన్నెండడుగులు ఎత్తితే చాలు, ఆపై కాలువల్లో దానంతటదే పారుతుంది.

మూడో కారణం మనం నిలబడ్డ ఈ కొండలు. ఇంత కట్టుబడికి కొండంత రాయి కావాలి. ఇవతలి ఒడ్డున ధవళేశ్వరం కొండలు, అవతలి ఒడ్డున విజ్జేశ్వరం వైపు రాతి గుట్టలు నదికి పక్కనే ఉన్నాయి. రాయిని దూరం నుంచి తేవాల్సి వస్తే లెక్క తప్పిపోయేది. ఇక్కడైతే కొండ నుంచి ఒడ్డు దాకా పట్టాలు పరిచి, బండ్ల మీద రాయి దొర్లించి, అక్కడి నుంచి పడవల్లో నది మధ్యకు చేరవేశారు. మద్రాసు దగ్గర 1837లో రెడ్ హిల్స్ రాతి రైలు నడిపిన అనుభవం కాటన్‌కు ఉంది. మన దేశంలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1853లో బొంబాయి నుంచి ఠాణాకు నడిచిందని చదువుకున్నాం. దానికి కొన్నేళ్ల ముందే ధవళేశ్వరంలో పట్టాల మీద రాళ్లు నడిచాయి.

ఇసుకలో బావులు

ఆ పని ఎలా జరిగిందో దగ్గరికెళ్లి చూడాలి. లేకపోతే ఆ మనుషుల కష్టం అర్థం కాదు.

వరద తీసి, నది పలచబడ్డాక పని మొదలు. పాయకు అడ్డంగా తాత్కాలికంగా మట్టికట్ట వేసి నీటిని పక్కకు తిప్పుతారు. తేలిన ఇసుక మీద వరసగా బావులు కడతారు. ఇవి నీళ్లకోసం తవ్వే బావులు కావు. ముందు ఇసుక మీద కర్రతో చేసిన గుండ్రని చట్రం పెడతారు. దాని మీద గోడ కట్టుకుంటూ వస్తారు. గోడ కొంచెం లేచాక మనిషి లోపలికి దిగి చట్రం కింది ఇసుక తవ్వి గంపలకెత్తుతాడు. కింద ఇసుక పోయేకొద్దీ గోడ తన బరువుకు తానే కిందికి దిగుతుంది. కావలసిన లోతుకు దిగాక లోపల రాళ్లు నింపి మూసేస్తారు. పక్కన ఇంకోటి. దాని పక్కన ఇంకోటి. అలా వరసగా దించిన బావుల మీద ముందు గోడ లేస్తుంది. గోడ వెనక ఇసుక, రాళ్లు నింపి, పైన సున్నంతో రాతి కట్టుబడి. దిగువన నీరు దూకి ఇసుకను తోడేయకుండా పెద్ద పెద్ద బండరాళ్ల పరుపు.

ఇదంతా మళ్లీ ఎర్రనీళ్లు వచ్చే లోపు జరగాలి. జూన్ దాటితే కొత్త నీరు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. అరకొరగా మిగిలిన పని వరదలో కొట్టుకుపోవచ్చు. అంటే ఏటా దొరికేది కొద్ది నెలలే, అందులోనూ సగం మండుటెండల కాలం. గోదావరి ఇసుక మీద వైశాఖ మాసపు మిట్టమధ్యాహ్నం ఎలా ఉంటుందో ఈ జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఎండ దెబ్బకే కాటన్ 1848లో మంచం పట్టాడు. సెలవు మీద ఆస్ట్రేలియా వెళ్లి, 1850లో తిరిగొచ్చాడు. ఆయన లేని రెండేళ్లు పని నడిపినవాడు కెప్టెన్ ఆర్. తర్వాత బెజవాడలో కృష్ణ ఆనకట్ట కట్టించిందీ ఆయనే.

పేరున్నవాళ్లు, పేరు లేనివాళ్లు

కాటన్‌కు స్థానికంగా కుడిభుజంగా నిలిచినవాడు వీణెం వీరన్న. కూలీలను కూడగట్టడంలో, చెదిరిపోకుండా నిలబెట్టడంలో, భాష తెలియని దొరలకూ పనివాళ్లకూ మధ్య మాట కలపడంలో ఆయన పాత్ర పెద్దది. తర్వాత రాయ్ బహదూర్ బిరుదు పొందాడు. కాటన్ పేరు తెలిసిన ప్రతి ఇంట్లోనూ వీరన్న పేరు తెలిసి ఉండాలి. కానీ ఆయన విగ్రహాలు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే.

వీరన్న పేరైనా మిగిలింది. కట్ట దగ్గర పదివేలమంది దాకా పనిచేసిన రోజులున్నాయి. వాళ్లలో ఒక్కరి పేరూ మనకు చేరలేదు. తెలుగునాట రాతిపని, మట్టిపని అంటే తరతరాలుగా వడ్డెరలు, ఉప్పర్లు. కొండలో సుత్తీ ఉలీ పట్టినవాళ్లు, పట్టాల మీద బండి నెట్టినవాళ్లు, బావిలోకి దిగి ఇసుక తోడినవాళ్లు, సున్నం దంచినవాళ్లు, నెత్తిన గంపతో రోజంతా నడిచిన ఆడవాళ్లు. పదిహేనేళ్ల కిందటి కరువులో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఆ గంపలు మోసినవాళ్లలో ఉండే ఉంటారు. కాటన్ జీవితాన్ని ఆయన కూతురు లేడీ హోప్ 1900లో పుస్తకంగా రాసింది. కూలీల జీవితాన్ని ఎవరూ రాయలేదు. వాళ్లు రాసిపెట్టి వెళ్లింది నది అడుగున ఉన్న రాళ్ల వరసే.

కట్ట నుంచి కాలువకు

ఆనకట్ట కట్టగానే కథ అయిపోలేదు. నిలిచిన నీరు పొలానికి చేరాలి. ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టాకు, బొబ్బర్లంక దగ్గర కోనసీమకు, విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టాకు తలుపులు పెట్టి కాలువలు తవ్వారు. తూర్పు కాలువల నీరు కాకినాడ వైపు, పశ్చిమ కాలువల నీరు నిడదవోలు, తణుకు, భీమవరం, నరసాపురం వైపు. నేటికి మూడు డెల్టాలూ కలిపి ఆయకట్టు సుమారు పది లక్షల ఎకరాలు.

కాటన్‌కు కాలువంటే సాగునీరు ఒక్కటే కాదు, దారి కూడా. అందుకే లాకులు కట్టించాడు. ఎగువ నీరు, దిగువ నీరు ఒకే మట్టంలో ఉండవు. పడవ లాకులోకి రాగానే వెనక తలుపు మూసేవారు. లోపలి నీటిని మెల్లగా వదిలితే పడవ కూడా మెల్లగా కిందికి దిగేది. దిగువ మట్టానికి వచ్చాక ముందు తలుపు తెరిచేవారు. అలా ధాన్యం పడవలు రాజమండ్రి నుంచి కాకినాడ రేవుకు పోయేవి. ఏలూరు కాలువ మీదుగా గోదావరి కృష్ణతో కలిసింది. అక్కడి నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుంటే కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటి మీదే ప్రయాణం. రైలు రాకముందు ఈ తీరానికి అదే రాజమార్గం.

కోరంగి పూడిపోయాక కాకినాడ రేవుగా ఎదగడం వెనక ఈ కాలువల చలవ ఉంది. 1859లో గోదావరి జిల్లా ఏర్పడితే కలెక్టరు కచేరీ కాకినాడలోనే వెలిసింది. కడలి ఒడ్డున ఒక నగరం నిలదొక్కుకోవడానికి అరవై కిలోమీటర్ల అవతల ఈ కొండ నుంచి తీసిన రాయి ఒక కారణమైంది.

ఇవాళ్టి కట్ట

కాటన్ కట్టించిన ఆనకట్టకు తర్వాతి దశాబ్దాల్లో పైన పలకలు అమర్చి ఎత్తు పెంచుతూ వచ్చారు. నూటపాతికేళ్లకు పైగా అది నీళ్లిచ్చింది. 1970లో కొత్త బ్యారేజీ పని మొదలై 1982లో పూర్తయింది. దానికి సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టారు. మనల్ని ఏలిన పరాయి ప్రభుత్వపు ఉద్యోగి పేరును స్వతంత్ర భారతదేశంలో ఒక ప్రాజెక్టుకు మళ్లీ పెట్టడం చిన్న విషయం కాదు. గోదావరిలో స్నానం చేస్తూ సంకల్పంలో ఆయన్ను తలుచుకునే ఆచారం ఈ తీరంలో ఉంది. నదిని పొలానికి తెచ్చినవాడిని భగీరథుడితో పోల్చడం మనకు సహజం.

ఆగస్టులో ఈ కొండెక్కితే ఇంకో గోదావరి కనిపిస్తుంది. తలుపులన్నీ ఎత్తేస్తారు. కట్టకు ఎగువా దిగువా తేడా చెరిగిపోయి, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రని నీరే. ఇక్కడి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. ఆ అంకెలు కోనసీమ లంకల్లో పసిపిల్లలకూ తెలుసు. మూడోది వినపడేలోపే గొడ్డూగోదా గట్టెక్కాలి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు ఈ కట్ట మీదుగా పోయాయి. ఆ వరదను చూసినవాళ్లు ఇప్పటికీ తేదీ చెప్పి మాట్లాడతారు.

మంచిని చెప్పినప్పుడు మిగతాదీ చెప్పాలి. కాలువ పోయిన చోట సిరి నిండింది, కాలువ ఎక్కని మెట్ట సీమ దశాబ్దాలపాటు వాన వైపే చూసింది. నదీ పరీవాహకమంతటా ఆనకట్టలు, జలాశయాలు పెరిగేకొద్దీ సముద్రానికి చేరే ఒండ్రు తగ్గిపోయింది. ఒండ్రుతో పెరగాల్సిన డెల్టా అంచు పలుచోట్ల కోతకు గురవుతోంది. తల దగ్గర చేసిన ప్రతి పనీ పాదాల దగ్గర తేలుతుంది. కట్టే కాలంలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. తెలిసిన మనం పట్టించుకోకపోతే అది తప్పు.

పాఠకులకు ఒక మాట

ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది. ఆనకట్ట నమూనాలు, పాత పరికరాలు అక్కడ చూడొచ్చు. పిల్లల్ని తీసుకెళ్లండి. కానీ మ్యూజియంతో ఆగిపోకండి. వాళ్లను కొండ మీదికీ తీసుకెళ్లి, నది వైపు నిలబెట్టి, ఆ నాలుగు ముక్కల కట్టను, లంకలను, కాలువల తలలను వేలు పెట్టి చూపించండి. తాము తినే అన్నం ఎక్కడ మొదలైందో వాళ్ల కళ్లకే తెలుస్తుంది.

ప్రభుత్వానికీ, స్థానిక సంఘాలకూ, ఆయకట్టు రైతులకూ ఒక విన్నపం. గోదావరి జిల్లాల్లో కాటన్ విగ్రహం లేని పెద్ద ఊరు అరుదు. అది ఉండాల్సిందే. కానీ ధవళేశ్వరం కొండ మీద, నది కనిపించే చోట, ఈ రాయి కొట్టి, మోసి, ఇసుకలో దించిన ఆడామగా కూలీల కోసం ఒక్క శిలాఫలకం వేయించండి. పేర్లు దొరకవు కాబట్టి వాళ్ల పనిని చెక్కించండి. ఏటా మే 15న కాటన్‌కు దండ వేసే చేతులు ముందు ఆ రాతికి ఒక దండ వేయాలి. ఆ తర్వాతే దొర విగ్రహానికి.

(సశేషం. వచ్చే భాగం: వైనతేయ పాయను దాటించి కాలువను నడిపిన గన్నవరం అక్విడక్టు, దాని 49 కమానుల కథ.)